మామిడితోటలో పటాలం

"మిలిటరీ" అనే మాట చెవినపడగానే మా నూజివీడు వైపు చాలామందికి ముందుగా గుర్తొచ్చేది యుద్ధం కాదు, కోడిపులుసు. మాంసం వండిపెట్టే హోటలుకి మనవాళ్ళు ఏనాడో "మిలిటరీ హోటలు" అని పేరు పెట్టేశారు గదా! నా చిన్నప్పుడు పక్కతోట ఆసామీని అందరూ "మిలిటరీ సుబేదారుగారు" అంటూంటే, ఈయనకి ఎక్కడో పెద్ద హోటలుందనే నేను చాలాకాలం నమ్మాను. ఒకరోజు ధైర్యం చేసి, "బాబాయిగారూ, మీ హోటలు ఏ ఊళ్ళో అండీ?" అని అడిగేశాను కూడా. ఆయన నవ్వలేదు. "బర్మాలో ఉండేదిరా అబ్బాయ్. మూతబడింది" అన్నారు.

ఆ జవాబులో ఎంత బరువుందో తెలుసుకోవడానికి నాకు ముప్ఫై ఏళ్ళు పట్టింది.

చరిత్ర మేష్టరుగా బతికినవాణ్ణి కనక ముందు కాస్త చరిత్ర చెప్పుకోనివ్వండి. తెలుగువాడికి సైన్యంతో ఏం సంబంధం, మనం మెతకవాళ్ళం, మనకి కవిత్వం, ఆవకాయా చాలు అనుకునేవాళ్ళు మనలోనే ఉన్నారు. కానీ మన భాష అలా చెప్పడం లేదు. ఇంట్లో పిల్లలు గోల చేస్తే "ఏమిటీ పటాలం!" అంటాం. అది దండులోంచి వచ్చిన మాటే. కృష్ణా డెల్టాలో కాలవ గట్టుమీద తిరిగి నీళ్ళు చూసే ఉద్యోగిని "లస్కరు" అంటారు. లష్కరు అంటే సైన్యం. సిపాయి, జమాదారు, హవల్దారు, దండుబాట – ఇవన్నీ మన ఊళ్ళలో చెప్పులు విప్పుకుని స్థిరపడ్డ సైనికులే.

ఇంతకన్నా విచిత్రం ఇంకొకటుంది. బెంగాలులోనూ, హిందూస్థానంలోనూ పద్దెనిమిదో శతాబ్దంనుంచీ కుంపిణీ సిపాయిని "తిలంగా" అనేవారు. అంటే తెలుగువాడు! 1756లో క్లైవు మద్రాసునుంచి సిపాయిలను ఓడలమీద ఎక్కించుకుని బెంగాలు వెళ్ళాడు. మరుసటి ఏడు, 1757 జూన్ 23న, ప్లాసీ యుద్ధం జరిగింది. దక్షిణాదినుంచి ఎర్రకోటు తొడుక్కుని వచ్చిన ఆ కొత్తరకం సిపాయిలను చూసి అక్కడివాళ్ళు తిలంగాలన్నారు. తరవాత కుంపిణీవాళ్ళు అవధులోనూ, బీహారులోనూ మనుషుల్ని చేర్చుకున్నా పేరు మాత్రం మారలేదు. వంద సంవత్సరాల తరవాత, 1857లో, ఢిల్లీలో తిరగబడ్డ సిపాయిలను కూడా నగరవాసులు తిలంగాలనే అన్నారు. తెలుగు అక్షరం ముక్క రాని అవధు సిపాయి కూడా ఆ లెక్కన మనవాడైపోయాడన్నమాట!

ఇది గొప్ప చెప్పుకోవడానికి కాదు. ఎవరి తరఫున ఎవరిమీద తుపాకి పట్టారన్న ప్రశ్న ఎలాగూ ఉంది. 1783లో మా నూజివీడు కోటను ముట్టడించింది కూడా కుంపిణీ సైన్యమే. ఆ బారులో తెలుగు సిపాయిలు లేకుండా ఉంటారా? కోటలోపల ఒక తెలుగువాడు, కోట బయట ఇంకొక తెలుగువాడు. చరిత్ర అంత సుళువైన పద్దు కాదు.

అలా తమ పేరునే సిపాయికి పర్యాయపదం చేసినవాళ్ళకి దొరలిచ్చిన బహుమానం ఏమిటంటే – "మీరు యోధజాతి కారు" అన్న ముద్ర. పంజాబీలు, గూర్ఖాలు యోధజాతులట, మద్రాసీలు కారట. మొదటి ప్రపంచయుద్ధం అయిన తరవాత, 1920లలో, మద్రాసు పదాతిదళాలను ఒక్కొక్కటే రద్దు చేసేశారు. రెండో యుద్ధం నెత్తిమీదకు వచ్చాక మళ్ళీ మనవాళ్ళు జ్ఞాపకం వచ్చారు. ఈ మధ్యకాలంలో కూడా వదులుకోలేకపోయింది ఒక్క మద్రాసు శాపర్లనే. 1780లో పుట్టిన దళం అది, మకాం బెంగుళూరు. బాటలు వెయ్యడం, వంతెనలు కట్టడం, మందుపాతరలు ఏరడం వాళ్ళ పని. సైన్యం ముందుకు పోవాలంటే వీళ్ళు అంతకన్నా ముందు పోవాలి. అయినా ఫొటోల్లో మాత్రం వెనకే ఉంటారు. వీళ్ళకి సైన్యమంతటా ముద్దుపేరు "తంబి". తెలుగువాడైనా, మళయాళీ అయినా, కన్నడం వాడైనా ఆ దళంలో చేరితే తంబే.

మా సుబేదారు బాబాయిగారు 1941లో చేరి తంబి అయ్యారు. బర్మా సరిహద్దుల్లో తిరిగారు. 1966లో పింఛను పుచ్చుకుని వచ్చి, తాతలనాటి మూడెకరాల మామిడితోట చూసుకుంటూ ఉండిపోయారు. ఎర్రనేల, రసాలు, నాలుగు బంగినపల్లి చెట్లు, గట్టువార కలెక్టరు. మాటలు తక్కువ. పొద్దున్నే గడ్డం గీసుకోకుండా తోటలో అడుగుపెట్టేవారు కారు. "మామిడిచెట్లు చూస్తాయనా?" అని మా నాన్న ఎగతాళి చేస్తే, "చెట్లకేం తెలుసు, నాకు తెలుస్తుంది గదా" అనేవారు.

ఆ ఇంట్లో నన్ను ఎక్కువగా ఆకర్షించింది సంక్రాంతి బొమ్మలకొలువు. పిన్నిగారు పెట్టే కొలువులో దశావతారాలు, శెట్టీ శెట్టెమ్మా, ఆవూ దూడా, కొండపల్లి అంబారీ ఏనుగు అన్నీ ఉండేవి. వాటితోపాటు మూడో మెట్టుమీద ఖాకీ రంగు బొమ్మలు ఏడు. తెల్ల పొణికి చెక్కతో బాబాయిగారే చేశారు. ఉద్యోగంలో వడ్రంగం చేసిన చెయ్యి. పింఛను పుచ్చుకుని వచ్చిన కొత్తలో కొండపల్లి వెళ్ళి, బొమ్మలు చేసేవారి అరుగుమీద వారంరోజులు కూర్చుని పని నేర్చుకున్నారట. చింతగింజల పిండీ, రంపపు పొట్టూ కలిపి మక్కు తయారుచేసి, చేతులూ కాళ్ళూ అతికించి, సున్నం పూత పూసి, ఆపైన రంగులు వెయ్యడం – అదంతా అచ్చంగా కొండపల్లి పద్ధతే.

కానీ ఆ ఏడుగురు సోల్జర్లలో ఒక్కడి చేతిలోనూ తుపాకి లేదు. ఒకడి భుజంమీద పార. ఒకడి చేతిలో మోకు. ఒకడు గరిటె పట్టుకుని నిలబడ్డాడు. ఒకడు రెండు చేతులతో ఉత్తరం పట్టుకుని చదువుకుంటున్నాడు. ఇంకొకడు నోరు తెరిచి నవ్వుతున్నాడు, ఆ నోట్లో ఎర్రటి మిరపకాయ.

"వీళ్ళెవరండీ?" అంటే, బాబాయిగారు యుద్ధం సంగతి ఎత్తేవారు కారు. "వీడున్నాడే, పచ్చిమిరపకాయ లేకపోతే ముద్ద ఎత్తడు. బర్మా అడవిలో ఎక్కణ్ణుంచి తెచ్చేవాడో తెచ్చేవాడు. వీడికి ఒకే ఉత్తరం వచ్చింది, దాన్నే ఆర్నెల్లు చదివాడు. వీడు పెళ్ళికొడుకు. సెలవు దొరికితే పెళ్ళి." అంతే.

"మరి మీ బొమ్మ ఏదండీ?" అని అడిగాను.

"నేను తిరిగొచ్చాను గదరా! వచ్చినవాడికి బొమ్మెందుకు?"

పేరంటాలకి వచ్చిన ఆడవాళ్ళకి పసుపూ కుంకుమా ఇచ్చి, చివర్న పిన్నిగారు కొలువులో దేవుళ్ళతోపాటు ఆ ఏడుగురికీ అక్షతలు వేసేవారు. ఎక్కడ బర్మా, ఎక్కడ సంక్రాంతి పేరంటం! వాళ్ళ తల్లులకి తెలియకుండానే వాళ్ళకి ఏటేటా మా ఊళ్ళో పండగ జరిగేది.

ఇక మే నెల వచ్చిందంటే తోటలో అసలు సందడి. రసాలు పక్వానికి వచ్చే వేళకి నలుగురు పాతనేస్తాలు దిగేవాళ్ళు. ఒకాయనది తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం, ఒకాయనది పల్నాడు, ఒకాయన శ్రీకాకుళం వైపునుంచి, నాలుగో ఆయన వేలూరు తమిళుడు. ఈ నలుగురికీ కలిపి ఒక భాష ఉండేది. అందులో తెలుగుంది, అరవం ఉంది, బెంగుళూరు హిందుస్తానీ ఉంది, దొరల తిట్లు కూడా ఉన్నాయి. చిక్కంతో కోసి, గడ్డిలో ముగ్గబెట్టిన చిన్నరసాలు గంపలతో మధ్యన పెట్టుకుని, చెట్టుకింద తాటాకు చాపమీద కూర్చునేవాళ్ళు. కాయని అరచేతుల్లో మెత్తగా పిసికి, ముచ్చిక కొరికి, సొన పిండేసి జుర్రుకోవడమే. సుబేదారు గిబేదారు భేదం లేదు. ఒకే చాప, ఒకే గంప. టెంకలు లెక్కపెట్టి ఎవరు ఓడిపోయారో వాళ్ళు నూతిలోంచి నీళ్ళు తోడాలి.

చాప గురించి నాకు మొదట చెప్పింది ఆ పల్నాడు ఆయనే. "ఇది మా బ్రహ్మనాయుడు వేసిన చాపరా అబ్బాయ్" అనేవాడు. పన్నెండో శతాబ్దంనాటి పలనాటి యుద్ధం సంగతి పాఠకులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. కులం అడక్కుండా అందరినీ ఒకే చాపమీద కూర్చోబెట్టి అన్నం పెట్టిన ఆ చాపకూడు కథ అందరికీ తెలిసిందే. తెలియాల్సింది ఏమిటంటే అది కథతో ఆగిపోలేదు. కారెంపూడిలో ఏటా కార్తీక అమావాస్యతో మొదలుపెట్టి అయిదురోజులు వీరుల తిరునాళ్ళు చేస్తారు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు – ఒక్కొక్క రోజుకీ కథలో ఒక్కొక్క ఘట్టం. ఆనాటి వీరుల వంశాలవాళ్ళమని చెప్పుకునేవాళ్ళు ఊరూరినుంచి ఆయుధాలు పట్టుకుని వస్తారు. వీరవిద్యావంతులు కథ పాడతారు. మధ్యలో చాపకూడు ఉండనే ఉంది.

ఎనిమిది వందల ఏళ్ళు దాటినా ఆ దండు ఇంకా చెదిరిపోలేదు చూడండి! రాజ్యం ఎవరిదయిందో అడిగితే చాలామంది తడుముకుంటారు. ఎవరెవరు కలిసి కూర్చుని తిన్నారో మాత్రం చెప్పగలరు.

మనవాళ్ళకి ఈ విద్య అంతకుముందునుంచీ ఉంది. పొలాల గట్లమీదా, పాతగుళ్ళ ముందూ కనిపించే వీరగల్లులు చూసే ఉంటారు. చాలావాటిమీద మూడు అంతస్తులుంటాయి. అడుగున వీరుడు పోరాడుతూంటాడు. మధ్యన అప్సరసలు చెరొక పక్కనా పట్టుకుని పైకి తీసుకుపోతూంటారు. పైన శివలింగం దగ్గర ప్రశాంతంగా కూర్చుని ఉంటాడు. శాసనంలో రాజు బిరుదులు బారెడుంటాయి. వీరగల్లుమీద మాత్రం ఒక్కొక్కప్పుడు పేరే ఉండదు. అయినా ఊరివాళ్ళు పసుపు రాస్తూనే ఉంటారు.

మళ్ళీ తోటలోకి వద్దాం. చీకటి పడ్డాక శ్రీకాకుళం ఆయన బుర్రకథ ఎత్తుకునేవాడు. తంబురా లేదు, గుమ్మెట లేదు. బోర్లించిన బిందె ఒకటీ, గరిటె ఒకటీ. ఆయన కథకుడు, మా బాబాయిగారు రాజకీయం, వేలూరు ఆయన హాస్యకాడు. తమిళుడి తెలుగు హాస్యం వేరే వర్ణించాలా! కథ బొబ్బిలీ కాదు, పల్నాడూ కాదు. వాళ్ళ కంపెనీ కథే. బెంగుళూరులో కవాతులూ, రైలు ప్రయాణం, అస్సాం వానలు, జలగలు, చలిజ్వరం, కచ్చారోడ్డులో కూరుకుపోయిన లారీలు, వాటిని తోసిన ఏనుగులు, లంగరువాడు ఉప్పు మరిచిపోయిన రోజు – అన్నీ వరసగా వచ్చేవి. మేం పిల్లలం నవ్వలేక చచ్చేవాళ్ళం.

కథ చింద్విన్ నది ఒడ్డుకి వచ్చేసరికి మాత్రం ఆగిపోయేది. 1944 డిసెంబరులో కలేవా దగ్గర ఆ నదిమీద సైన్యం తేలే బెయిలీ వంతెన వేసింది. 1,154 అడుగులు, అప్పటికి ప్రపంచంలో అలాంటివాటిలో అన్నిటికన్నా పొడుగైనది. "ఆ వంతెన దాటాం" అనేవాడు కథకుడు. బిందెమీద దెబ్బ ఆగేది. నలుగురూ కాసేపు తోటలోకి చూసేవాళ్ళు. మా బాబాయిగారు లేచి, "ఇక మంగళం. పొద్దున్నే కోతలున్నాయి" అనేవారు. ఏ ఏడూ కథ ఆ వంతెన అవతలికి పోలేదు. అవతల ఏం జరిగిందో మూడో మెట్టుమీద ఉన్న ఏడుగురికే తెలుసు.

ఒక్కసారి మాత్రం ఒక పేరు గట్టిగా విన్నాను. సుబ్రహ్మణ్యన్. వాళ్ళలోవాడు కాదు, వాళ్ళ దళంవాడే. మద్రాసు శాపర్ల సుబేదారు. 1944 ఫిబ్రవరి 24న ఇటలీలో మిన్యానో దగ్గర మందుపాతరలు ఏరుతుంటే ఒకటి పేలబోయింది. తోటివాళ్ళను కాపాడడానికి ఆయన తన శరీరాన్ని దానిమీద పడేశాడు. మరణానంతరం జార్జి క్రాసు ఇచ్చారు. ఆ పతకం పొందిన మొదటి భారతీయుడాయనే. ఈ సంగతి చెప్పి వేలూరు ఆయన, "పతకం ఆయనకి. ప్రాణం మాకు" అన్నాడు. ఆ రోజు టెంకలు ఎవరూ లెక్కపెట్టలేదు.

ఉద్యోగ విరమణ చేశాక నేను మాధవరం వెళ్ళాను. దాన్ని అందరూ "మిలిటరీ మాధవరం" అంటారు. ఇక్కడ మాత్రం మిలిటరీ అంటే కోడిపులుసు కాదు సుమండీ! పూర్వం గజపతుల కాలంలో ఇక్కడికి దగ్గర్లోని ఆరుగొలనులో కోట కట్టి, సైనికులను తెచ్చి నిలిపారనీ, వాళ్ళ సంతతే తామనీ ఊరివాళ్ళు చెప్పుకుంటారు. మొదటి ప్రపంచయుద్ధానికి ఈ ఊరినుంచి 90 మంది, రెండోదానికి 1,110 మంది వెళ్ళారని వాళ్ళ లెక్క. ఒక్క ఊరినుంచే! ఇంటికొకరు చొప్పున ఇప్పటికీ సైన్యంలో ఉన్నారు, వచ్చినవాళ్ళు ఉన్నారు. మరణించినవాళ్ళ పేర్లతో ఊళ్ళో స్మారకం కట్టుకున్నారు. అక్కడ నిలబడితే ఒక సంగతి తోచింది. ఆ పేర్లను చదువుకునేది ఊరివాళ్ళే. అందులో తాత ఉంటాడు, మేనమామ ఉంటాడు. ఊరు మొత్తం ఒక కంపెనీలాగా మిగిలింది.

పెద్ద పెద్ద స్మారకాలకి కొదవలేదు. 1931లో తెరిచిన ఢిల్లీ ఇండియా గేటుమీద 13 వేలకు పైగా పేర్లున్నాయి. దానికింద 1972 జనవరి 26న వెలిగించిన అమర జవాను జ్యోతిని 2022 జనవరిలో పక్కనే ఉన్న జాతీయ యుద్ధస్మారకం జ్యోతిలో కలిపారు. 2019లో తెరిచిన ఆ స్మారకంమీద స్వాతంత్ర్యం వచ్చాక పోయిన దాదాపు 26 వేలమంది పేర్లు చెక్కారు. మన విశాఖపట్నం బీచిలో 1971 యుద్ధానికి గుర్తుగా 1996లో కట్టిన స్తూపం ఉంది. ఇక రంగూను దగ్గర తౌక్యాన్‌లో, బర్మా యుద్ధంలో పోయి సమాధి అంటూ లేనివాళ్ళ పేర్లు సుమారు 27 వేలు రాతిస్తంభాలమీద ఉన్నాయి.

ఈ చివరి సంగతి తెలిసిన రోజున నాకు నిద్రపట్టలేదు. మా ఏడుగురూ అక్కడ ఉండి ఉంటారు! చూసి రావచ్చు, కనీసం రాసి కనుక్కోవచ్చు. కానీ ఎవరని కనుక్కోను? మిరపకాయ, పెళ్ళికొడుకు, ఉత్తరంవాడు – ఇవా రాతిమీద వెతకవలసిన పేర్లు?

బాబాయిగారు పోయి చాలా ఏళ్ళయింది. పిన్నిగారూ పోయారు. మే నెల నేస్తాలు ఒక్కొక్క ఏడూ ఒక్కొక్కరు తగ్గుతూ వచ్చి, చివరికి రావడం మానేశారు. పక్కింట్లో ఒక మనిషి పాతికేళ్ళ చరిత్ర గుండెలో పెట్టుకుని మామిడిచెట్లకి పాదులు చేస్తూంటే, నేను బళ్ళో పిల్లలచేత మూడు పానిపట్టు యుద్ధాల సంవత్సరాలు బట్టీ వేయించాను. 1526, 1556, 1761. తప్పు చెబితే బెంచీ ఎక్కించాను కూడా. ఆయన అరుగుమీద ఒక్క సాయంత్రం కాయితం, కలం పట్టుకుని కూర్చోలేదు. "బాబాయిగారూ, వీళ్ళ అసలు పేర్లేమిటండీ, ఏ ఊళ్ళండీ?" అని అడగలేదు. అడిగితే చెప్పేవారే. ఆ పేర్లు మంగళం తరవాత ఆయన నోటిదాకా వచ్చి ఆగేవని ఇప్పుడనిపిస్తుంది. బెంచీ ఎక్కవలసినవాణ్ణి నేనే.

నూజివీడు 2022లో కృష్ణాజిల్లానుంచి ఏలూరు జిల్లాలోకి మారింది. మా చుట్టుపక్కల పాతతోటలు చాలా కొట్టేసి మొక్కజొన్న, ఆయిల్‌పామ్ వేశారు. బాబాయిగారి తోటలో ఆ చాప పరిచే చెట్టు ఒకటి మాత్రం మిగిలింది. తోట అమ్మేటప్పుడు వాళ్ళమ్మాయి ఒక ట్రంకుపెట్టె తెచ్చి, "అన్నయ్యా, వీటిని మా ఫ్లాటులో ఎక్కడ పెట్టను? నువ్వుంచు" అని నా చేతికిచ్చింది. పాత పంచెల్లో చుట్టి ఏడుగురూ పడుకుని ఉన్నారు. ఖాకీ వెలిసింది. మోకువాడి చెయ్యి ఊడింది. కొండపల్లి తీసుకెళ్ళి అతికించుకొచ్చాను.

ఇప్పుడు సంక్రాంతికి మా ఇంట్లో మూడో మెట్టు వాళ్ళది. మా ఆవిడ దేవుళ్ళతోపాటు వాళ్ళకీ అక్షతలు వేస్తుంది. మొన్న మా మనవరాలు వేలు చూపించి, "తాతయ్యా, వీళ్ళెవరు?" అంది. నేను చెప్పాను: "వీడికి పచ్చిమిరపకాయ లేకపోతే ముద్ద దిగదమ్మా. వీడికి ఒకే ఉత్తరం వచ్చింది..." అది బుద్ధిగా విని, "పేర్లో?" అంది. నాకన్నా తెలివైన పిల్ల.

అయ్యా, అమ్మా, మీ వీధిలోనో మీ ఇంట్లోనో ఇలాంటి పెద్దమనిషి ఒకరు ఉండే ఉంటారు. బర్మావాళ్ళు ఇక దొరకరు. 1962, 1965, 1971 చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు. ఈ వేసవిలో నాలుగు రసాలు పట్టుకుని వెళ్ళి వారి పక్కన కూర్చోండి. యుద్ధం గురించి అడక్కండి. ఎవరెవరు ఏం తినేవారో అడగండి, మిగతాది దానంతట అదే వస్తుంది. వచ్చినప్పుడు పేర్లు రాసుకోండి. ఇంటిపేరుతో సహా, ఊరుతో సహా.

చేతులకి మామిడిరసం అంటుకుంటుంది, కాయితం పాడవుతుంది. ఫరవాలేదు, పాడవనివ్వండి.